సూది గుచ్చుకునేది ఒకరికి, సర్టిఫికెట్ వచ్చేది ఇంకొకరికి

సంపాదకులకు నమస్కారం.

ఆసుపత్రి చెత్త రోడ్డు పక్కన పడేశారని, సిరంజిలు కాలవలో తేలుతున్నాయని మీ జిల్లా పేజీలో అప్పుడప్పుడు ఫొటోలు వేస్తుంటారు. మంచిదే, వేయండి. ఫొటో పడిన రోజు ఫోన్లు మోగుతాయి, మర్నాడు ఎవరో ఒకరు వచ్చి డబ్బాలు చూసి వెళ్తారు, ఆ తర్వాత మా వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడుతుంది: సిబ్బంది అంతా ఫలానా తేదీలోగా ఆన్‌లైన్ ట్రైనింగ్ పూర్తి చేసి సర్టిఫికెట్ ఇక్కడ పెట్టాలి, పెట్టనివాళ్ల మీద చర్య ఉంటుంది. బయటివాళ్లకి అక్కడితో కథ అయిపోయినట్టే. ఆ మెసేజ్ తర్వాత లోపల ఏం జరుగుతుందో చెబుదామనే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది. చోటు చాలకపోతే ఎక్కడైనా కోయండి గానీ శుభ్రం చేసే అప్ప సంగతి మాత్రం ఉంచండి.

నేను ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక సామాజిక ఆరోగ్య కేంద్రంలో, అంటే సీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. ఇంట్లో తెలుగు, డ్యూటీలో ఒడియా, రిపోర్టుల్లో ఇంగ్లీషు, పర్లాకిమిడి చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే మా అందరి సంగతీ ఇదే. పాతపట్నం పక్కనే కాబట్టి మీ పేపరు పొద్దున్నే వచ్చేస్తుంది, టీ టైముకి చేతులు మారుతుంది. నా పేరు, ఆసుపత్రి పేరు వేయకండి. సర్వీసు రూల్స్ సంగతి మీకు తెలియనిది కాదు. పైగా నా గొడవ మా ఒక్క ఆసుపత్రి మీద కాదు, రాయగడ వైపూ కొరాపుట్ వైపూ పనిచేసే నా క్లాస్‌మేట్లు చెప్పేది విన్నా ఇదే వరస.

సీహెచ్‌సీ అంటే కాగితం మీద 30 పడకల ఆసుపత్రి. మైదానంలో అయితే లక్షా 20 వేల మందికి ఒకటి, మా లాంటి కొండ ప్రాంతాల్లో 80 వేల మందికి ఒకటి ఉండాలని లెక్క. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, వీళ్లు అందరికీ కనిపించేవాళ్లు. తుడిచేవాళ్లు, వార్డులో సాయం చేసేవాళ్లు, గేటు దగ్గర సెక్యూరిటీ, కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడు, వీళ్లలో చాలామంది కాంట్రాక్టరు మనుషులు. ట్రైనింగ్ పోర్టల్‌లో లాగిన్ ఉండేది మొదటి రకం వాళ్లకే. రెండో రకం వాళ్లకి ఉద్యోగి నంబరు లేదు కాబట్టి లాగిన్ లేదు, లాగిన్ లేదు కాబట్టి ట్రైనింగ్ పెండింగ్ లిస్టులో కూడా వాళ్ల పేరు ఉండదు. వంద శాతం పూర్తయిందని రిపోర్టు వెళ్లిపోతుంది. రిపోర్టు అబద్ధమూ కాదు, చూడండి, లిస్టులో ఉన్నవాళ్లంతా నిజంగానే పూర్తి చేశారు.

ఎలా పూర్తి చేశారో కూడా చెప్పాలి కదా. ఫోన్‌ని బీపీ మెషిన్‌కి ఆనించి, సౌండ్ తీసేసి, వీడియో దాని మానాన అది నడుస్తుంటే కేస్ షీట్లు రాసుకుంటారు. చివర్లో ఇచ్చే ప్రశ్నలకి జవాబులు అప్పటికే గ్రూపులో తిరుగుతుంటాయి. నేను నర్సుల్ని తప్పుపట్టను. షిఫ్టుకి ఒక్కరు ఉండే చోట ఒక కాన్పు, ఒక పాము కాటు, నలుగురు జ్వరం పిల్లలు ఉన్నప్పుడు గంటసేపు వీడియో చూడమంటే ఎవరు చూస్తారు? అడిగే ప్రశ్నలూ అలాగే ఉంటాయి. ఆసుపత్రి చెత్త గురించిన బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ఏ సంవత్సరంలో వచ్చాయి, ఏ షెడ్యూల్‌లో ఏముంది. 2016 అని టిక్ పెడితే మార్కు. సూదులు వేసే తెల్ల డబ్బా ముప్పావు వంతు నిండింది, కొత్తది స్టోర్‌లో లేదు, స్టోర్ తాళం ఉన్నాయన సెలవు, ఇప్పుడు చేతిలో ఉన్న సూది ఎక్కడ వేస్తావు అని ఏ క్విజ్‌లోనూ అడగరు. మాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న అదొక్కటే.

జిల్లా కేంద్రంలో ముఖాముఖి ట్రైనింగులు కూడా పెడతారు, లేదనను. సీహెచ్‌సీకి ఇద్దర్ని పంపమంటారు, వాళ్లు వచ్చి మిగతావాళ్లకి చెప్పాలి. వెళ్లేవాళ్ల డ్యూటీ ఇంకొకరి నెత్తిన పడుతుంది. పొద్దున్న పది నుంచి సాయంత్రం దాకా ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, చెత్త, అగ్నిప్రమాదాలు, పేషెంట్ హక్కులు, లైంగిక వేధింపుల చట్టం, హెచ్‌ఐవీ చట్టం, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో, అన్నీ ఒక్క రోజులో తోసేస్తారు. చెప్పడానికి వచ్చినాయన పాపం మంచాయనే, ఆయనకి ఇచ్చింది ఒక్కో దానికి అరగంట, ఆ అరగంటలో అరవై స్లయిడ్లు. బ్యానర్ దగ్గర ఫొటో. వచ్చినవాళ్లు మిగతావాళ్లకి చెప్పడమంటారా, బస్సు దిగి నైట్ డ్యూటీ ఎక్కేవాళ్లు ఎవరికి చెబుతారు?

ఇప్పుడు అప్ప సంగతి. మా లేబర్ రూమ్ శుభ్రం చేసే ఆవిడ సవర తెగ మనిషి, అందరం అప్ప అంటాం. నీ గురించి రాయనా అని అడిగాను. రాయి, పేరు వద్దు అంది. వానాకాలం, సాయంత్రం, వరసగా రెండు కాన్పులు అయ్యాయి. ఎర్ర సంచిలో గ్లోవ్స్, సెలైన్ ట్యూబులు, సూది తీసేసిన సిరంజిలు వేయాలి. సూదిని హబ్ కట్టర్‌లో కోసి తెల్ల డబ్బాలోకి పంపాలి. ఆ హడావుడిలో ఎవరో సూదితో సహా సిరంజిని ఎర్ర సంచిలోకి విసిరేశారు. సంచి పైదాకా నిండిపోయింది, మూతి కట్టడానికి అందలేదు, అప్ప అరచేత్తో లోపలికి అదిమింది. సూది పల్చటి గ్లోవ్‌లోంచి బొటనవేలి మొదట్లో దిగింది. ఆవిడ చేసింది ఏమిటంటే, గ్లోవ్ తీసి, వేలు గట్టిగా పిండి నెత్తురు కార్చి, ఫినాయిల్ నీళ్లలో ముంచి, ఆ సంచి కట్టి, ఇంకో సంచి కూడా కట్టి, రెండూ బయట గదిలో పెట్టి వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. బకెట్ అంచున నెత్తురు మరక చూసి నేను అడిగితేనే బయటపడింది.

పిండకూడదు. ఫినాయిల్, స్పిరిట్, బ్లీచింగ్ ఏవీ పోయకూడదు. సబ్బూ నీళ్లతో కడగాలి, అంతే. కడిగి వెంటనే చెప్పాలి, ఎందుకంటే ఆ సూది హెచ్‌ఐవీ ఉన్న మనిషిదై ఉండే అవకాశం ఉంటే మందు వీలైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఇక వేసీ లాభం లేదు, మొదలుపెట్టాక 28 రోజులు ఆపకుండా వేసుకోవాలి. సూది పోటుతో హెచ్‌ఐవీ వచ్చే అవకాశం నిజానికి తక్కువ, వెయ్యిలో మూడు. హెపటైటిస్ బీ అలా కాదు, టీకా వేసుకోని మనిషికి వందలో ముప్పై దాకా వెళ్లొచ్చు. ఈ నాలుగు ముక్కలు మా అందరి సర్టిఫికెట్లలోనూ ఉన్నాయి. సంచి కట్టే మనిషికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి మందు ఆసుపత్రిలోనే ఉంది, బీరువాలో. తాళం ఉన్నాయన ఇల్లు ఇంకో ఊళ్లో. ఫోన్ చేస్తే పాపం వానలో బండి మీద వచ్చాడు, మొదటి డోసు పడేసరికి రాత్రయింది. హెపటైటిస్ టీకా వేయించుకున్నావా అప్పా అని అడిగితే ఏ టీకా అంది. ఆవిడ ఫైలు చూద్దామంటే ఫైలే లేదు, పాత కాంట్రాక్టరు పోయి కొత్త కాంట్రాక్టరు వచ్చాడట. నాకు ఇప్పటికీ చెవిలో ఉన్న మాట ఏమిటంటే, ఆవిడ మాత్ర చేతిలో పెట్టుకుని అడిగింది: నెల రోజులు ఇది తింటే నా జీతం కోస్తారా? మూడు నెలల తర్వాత చేసిన టెస్టు కూడా నెగెటివే వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం. కానీ ఈ సంఘటన ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కలేదు. నేను రాస్తానంటే, ఎందుకమ్మా, ఇన్‌స్పెక్షన్ ముందు అనవసరమైన టెన్షన్ అన్నారు.

రూల్స్ ఏమంటున్నాయో ఒకసారి చూడండి, నేను కల్పించి చెప్పేది కాదు. 2016 నాటి ఆ రూల్స్‌లోనే ఉంది: ఆసుపత్రి సిబ్బందికే కాదు, చెత్తను ముట్టుకునే ప్రతి మనిషికీ చేరినప్పుడే ట్రైనింగ్ ఇవ్వాలి, ఆ తర్వాత ఏడాదికి ఒకసారైనా ఇవ్వాలి. హెపటైటిస్ బీ, ధనుర్వాతం టీకాలు వేయించాలి. ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలి. కాంట్రాక్టరు మనిషా, గవర్నమెంటు మనిషా అన్న తేడా అందులో లేదు. అసలు విశేషం ఇంకోటుంది. ప్రతి ఆసుపత్రీ ఏటా జూన్ 30 లోపు కాలుష్య నియంత్రణ మండలికి ఒక వార్షిక నివేదిక పంపాలి, అందులో ట్రైనింగ్ అయినవాళ్ల సంఖ్యతో పాటు ట్రైనింగ్ కానివాళ్ల సంఖ్య కూడా రాయాలి. రూల్ రాసినవాడికి బుర్ర ఉంది. మిగిలిపోయేది ఎవరో అతనికి ముందే తెలుసు. మరి ఆ గడిలో సున్నా ఎలా వస్తోంది? అప్ప లాంటివాళ్లని అసలు లెక్కలోకే తీసుకోకపోతే వస్తుంది. సూది పోటు పెద్ద ప్రమాదం కిందికి రాదని రూల్స్‌లోనే ఉంది, కానీ చిన్న ప్రమాదాలు కూడా ఈ వార్షిక నివేదికలో ఎక్కించాలని దాని పక్కనే ఉంది. మొదటి ముక్క అందరికీ గుర్తుంటుంది, రెండోది ఎవరికీ గుర్తుండదు.

దీన్ని చిన్న విషయం అనుకునేవాళ్లకి గుజరాత్‌లో 2009లో మొడాసాలో జరిగింది చెప్పాలి. వాడిన సిరంజిలు మళ్లీ వాడారు, చెత్తలోకి పోయిన సిరంజిలు తిరిగి అమ్మకానికి వచ్చాయి. హెపటైటిస్ బీ ఆ ప్రాంతమంతా పాకి చాలామంది చనిపోయారు. ఈ 2016 రూల్స్‌లో సంచులకి బార్‌కోడ్ ఎందుకు పెట్టారని మా కుర్ర నర్సులు విసుక్కుంటారు. ఏ సంచి ఎక్కడ బయల్దేరి ఎక్కడికి చేరిందో తెలియకపోతే ఏమవుతుందో మొడాసా పేరు చెబితే అర్థమవుతుంది. ట్రైనింగ్‌లో సెక్షన్ నంబర్ల బదులు ఈ ఒక్క కథ చెప్పి ఉంటే చాలు అనిపిస్తుంది నాకు.

కొండ మీది ఆసుపత్రుల పరిస్థితి వేరే. చెత్త లారీ రోజూ ఘాట్ ఎక్కదు. కాన్పులో వచ్చే మాయ, నెత్తుటి దూది లాంటివి 48 గంటలకి మించి నిల్వ ఉంచకూడదు. లారీ రాని చోట అనుమతి తీసుకుని లోతు గొయ్యి తవ్వి పాతిపెట్టవచ్చు, దానికీ కొలతలు ఉన్నాయి: రెండు మీటర్ల లోతు, సగం దాకానే చెత్త, పైన సున్నం, ఆ పైన మట్టి, కుక్కలు లాగకుండా జాలీ మూత, దగ్గర్లో బావి ఉండకూడదు. ఆ గొయ్యి మూసేది ఎవరు? మళ్లీ అప్ప లాంటివాళ్లే. సున్నం ఎందుకు వేయాలో తెలియని మనిషి సున్నం అయిపోయిన రోజున వట్టి మట్టి కప్పేసి వెళ్లిపోతుంది, అందులో ఆవిడ తప్పేముంది? ఇంకో సంగతి. కొన్ని కుటుంబాలు మాయని తమకి ఇచ్చేయమంటాయి, ఇంటి దగ్గర పాతిపెట్టుకోవడం వాళ్ల ఆచారం. వాళ్ల మనసు నొప్పించకుండా ఏం చెప్పాలి, ఇవ్వాలా వద్దా, ఏ స్లయిడ్‌లోనూ నాకు కనబడలేదు. ఒక్కో నర్సు ఒక్కోలా చేస్తుంది.

చెత్త సంగతి కనీసం కంటికి కనిపిస్తుంది. కనిపించనివి ఇంకా ఉన్నాయి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల వివరాలు వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టం చేశారు, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. క్విజ్‌లో అందరం కరెక్టుగా రాస్తాం. వార్డులోకి వస్తే కేస్ షీట్ మూలన ఎర్ర పెన్నుతో చిన్న గుర్తు. ఆ గుర్తు ఏమిటో గేటు దగ్గర సెక్యూరిటీకి కూడా తెలుసు. ఆ గుర్తున్న మనిషి మంచం ఎవరూ చెప్పకుండానే వార్డు చివరికి జరుగుతుంది, దుప్పటి మార్చడానికి ఎవరూ ముందుకు రారు. జాగ్రత్త కోసం అంటారు. జాగ్రత్త అంటే ప్రతి పేషెంటు నెత్తురునీ ఒకేలా చూడడం, ప్రతిసారీ గ్లోవ్స్ వేసుకోవడం, అంతేగానీ ఒకరికి గుర్తుపెట్టి మిగతావాళ్ల దగ్గర ఒట్టి చేతులతో తిరగడం కాదు. మా ప్రాంతం సంగతి మీకు తెలుసు, ఆడపిల్లని ఇటు నుంచి అటు ఇస్తారు, అటు నుంచి ఇటు తెచ్చుకుంటారు, మెళియాపుట్టిలో బావ, కాశీనగర్‌లో అత్త. ఇక్కడ వార్డులో పొద్దున్న గుసగుసలాడిన మాట సాయంత్రానికి వంశధార అవతల వియ్యంకుడి అరుగు మీద ఉంటుంది. ఆ తర్వాత ఆ మనిషి మందుల కోసం మా గుమ్మం తొక్కదు, శ్రీకాకుళమో బరంపురమో పోతుంది, లేదా మందే మానేస్తుంది.

వాట్సాప్ గ్రూపుల గురించి వేరే చెప్పక్కర్లేదు. రక్తం తక్కువున్న గర్భిణుల లిస్టు, పేర్లు, ఊర్లు, ఫోన్ నంబర్లతో సహా ఫొటో తీసి పెట్టేస్తారు. గ్రూపులో ఎవరెవరు ఉన్నారో అడ్మిన్‌కి కూడా తెలియదు, బదిలీ అయిపోయినవాళ్లు కూడా అందులోనే ఉంటారు.

అన్నిటికంటే కష్టమైనది పోక్సో. దీని మీద ట్రైనింగ్‌లో చెప్పేది ఒక్క వాక్యం: 18 నిండని అమ్మాయి గర్భంతో వస్తే పోలీసులకి చెప్పాలి, చెప్పకపోతే 6 నెలల దాకా జైలు. 2012 చట్టంలో సెక్షన్ 19, సెక్షన్ 21, నిజమే, ఉన్నాయి. కానీ మా దగ్గరికి ఆ అమ్మాయి ఎలా వస్తుందో ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు చూడాలి. ఏడో నెల, పక్కన అత్తగారు, గుమ్మం బయట పందొమ్మిదేళ్ల మొగుడు, ఆధార్‌లో ఒక వయసు, నోటితో ఒక వయసు. పోలీసు అనే మాట వినబడగానే లేచి వెళ్లిపోతారు, కాన్పు ఇంట్లోనే అవుతుంది, తర్వాత ఏదైనా అయితే 108లో సగం ప్రాణంతో వస్తుంది. ముందు వైద్యం చేయాలని, పోలీసు వచ్చేదాకా ఆపకూడదని, ఖర్చు తీసుకోకూడదని కూడా చట్టంలోనే ఉంది. గర్భం తీయించుకోవాలని వచ్చిన మైనరు విషయంలో, ఆ అమ్మాయి, గార్డియన్ కోరితే డాక్టరు పోలీసులకి పంపే సమాచారంలో పేరూ గుర్తింపు వివరాలూ రాయక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్‌లో చెప్పింది. ఈ రెండో సగం ఎవరూ చెప్పరు. జైలు మాట ఒక్కటే బుర్రలో మిగులుతుంది. దాంతో కొంతమంది వయసు 18 అని రాసేసి చేతులు దులుపుకుంటారు, కొంతమంది మొహం మీదే పెద్ద ఆసుపత్రికి పొమ్మంటారు. ఇద్దరి దగ్గరా సర్టిఫికెట్ ఉంది. అమ్మాయితో ఏ మాట ముందు మాట్లాడాలి, అత్తగారిని బయట కూర్చోబెట్టడం ఎలా, రిపోర్టు ఎవరి ద్వారా ఏ కాగితం మీద పంపాలి, ఇవి ఒక అనుభవం ఉన్న నర్సు పక్కన కూర్చోబెట్టి చేయించి చూపిస్తేనే వస్తాయి. డాక్టరమ్మ ఉంటే సరే, లేని రోజు సంగతేమిటి?

లైంగిక వేధింపుల చట్టం 2013 గురించి రెండు మాటలే. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా కమిటీ ఉండాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి, సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, కాంట్రాక్టు మీద పనిచేసే ఆడవాళ్లకి కూడా ఇది వర్తిస్తుంది. గోడ మీద బోర్డు ఉంది. బోర్డు మీద ఉన్న పేర్లలో సగం మంది బదిలీ అయిపోయారు. నైట్ డ్యూటీలో ఒంటరిగా ఉండే ఆయమ్మకి ఆ బోర్డు ఒడియాలో ఉన్నా, ఇంగ్లీషులో ఉన్నా ఒకటే, చదువు రాదు.

అగ్నిప్రమాదాల సంగతీ అంతే. 2016 అక్టోబర్‌లో భువనేశ్వర్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి తగలబడి 20 మందికి పైగా చనిపోయాక కొన్నాళ్లు అందరూ మంటలార్పే సిలిండర్ల మీద తేదీలు చూశారు. ఇప్పుడు ఆ సిలిండర్ పిన్ను ఎటు లాగాలో రాత్రి పూట ఉండేవాళ్లలో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

ఇన్‌స్పెక్షన్లని తీసిపారేయను. 2015లో ప్రభుత్వాసుపత్రుల శుభ్రతకి మార్కులేసి అవార్డులిచ్చే కాయకల్ప పథకం వచ్చాక ఆసుపత్రుల రూపు మారింది, ముక్కు మూసుకుని వెళ్లే బాత్రూమ్‌లు ఇప్పుడు పర్వాలేదు అనిపిస్తున్నాయి, 70 మార్కులు దాటితే అవార్డు డబ్బు వస్తుంది, ఆ డబ్బుతో మాకు కొన్ని మంచి పనులు కూడా జరిగాయి. పైగా ఆ వచ్చేవాళ్లు శుభ్రం చేసేవాళ్లని కూడా పిలిచి ఈ గాజు సీసా ఏ డబ్బాలో వేస్తావు అని అడుగుతారు, అలా అడిగేవాళ్లు వాళ్లొక్కరే. తిరకాసు ఏమిటంటే, రెండు రోజుల ముందే చురుకైన ఒక మనిషిని చూసుకుని, నీలం, పసుపు, ఎరుపు, తెలుపు అని పద్యంలా బట్టీ పట్టించి ముందు నిలబెడతారు. మిగతావాళ్లకి ఆ రోజు సెలవు. ఆ బట్టీ పట్టించే ఓపికలో పదోవంతు రోజూ పెడితే అందరికీ వస్తుంది కదా అని నేనంటే నవ్వుతారు.

భాష అడ్డం అంటారు. మా దగ్గర తుడిచేవాళ్లలో తెలుగువాళ్లున్నారు, సవరలున్నారు, ఒడియావాళ్లున్నారు. స్లయిడ్లు ఇంగ్లీషులో, చెప్పేది ఒడియాలో. సరే, నిజమే. కానీ ఇది గిడుగు రామమూర్తి పంతులు గారి ఊరు. ఆయన ఇదే పర్లాకిమిడిలో ఉద్యోగం చేసుకుంటూ, ఎవరూ అడగకుండానే సవర నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటల్లోనే చదువు చెప్పించాడు. నూరేళ్లు దాటిపోయింది. అదే ఊరి చుట్టూ ఉన్న ఆసుపత్రుల్లో ఇవాళ, సూది గుచ్చుకుంటే పిండకు, కడుక్కో, నాకు చెప్పు అనే మూడు ముక్కలు సవరలో చెప్పేవాళ్లు దొరకరా? మా దగ్గరే ఒక ఏఎన్‌ఎం ఉంది, సవర అమ్మాయి, నోరు విప్పితే అందరూ నవ్వుతూ వింటారు. ఆమెని ఒక్కసారి కూడా ట్రైనింగ్ ఇవ్వమని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆమె ట్రైనర్ల లిస్టులో లేదు.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో పని కాదు. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారేటప్పుడు రెండు షిఫ్టుల వాళ్లూ ఉంటారు. వారానికి ఒకరోజు ఆ టైములో ఓ పావుగంట, డబ్బాల ముందే నిలబడి, నిజం సంచులతో, నిజం హబ్ కట్టర్‌తో చేయించి చూడాలి. ఆ రోజు సంచిలో సూది దొరికితే అది వేసింది డాక్టరైనా సరే పిలిచి చూపించాలి, ఎందుకంటే అప్పకి గుచ్చుకున్న సూదిని అప్ప వేయలేదు కదా. ప్రమాదం జరిగితే వేసే మందు లేబర్ రూమ్‌లోనే ఉండాలి, తాళం డ్యూటీ నర్సు దగ్గర ఉండి షిఫ్టుతో పాటు చేతులు మారాలి. కాంట్రాక్టరు బిల్లు పెట్టినప్పుడు దాంతో పాటు తన మనుషుల టీకా కార్డులు జతచేయాలి, మూడు డోసులూ పడిన తేదీలతో, లేకపోతే బిల్లు పాస్ చేయకూడదు. ఈ ఒక్కటి చేస్తే చాలు, మిగతావి వాటంతట అవే కదులుతాయి, డబ్బు ఆగితే కదలనిది మన దగ్గర ఏమీ లేదు.

మీ పేపరు చదివే సర్పంచులు, సమితి సభ్యులు ఆసుపత్రి బాగోగులు చూసే మా రోగి కల్యాణ్ సమితి మీటింగులకి వస్తుంటారు. ఫ్యాన్లు, కుర్చీలు, నీళ్ల ట్యాంకు గురించి బాగానే అడుగుతారు. వచ్చే మీటింగులో జూన్‌లో పంపిన వార్షిక నివేదిక కాపీ చూపించమని అడగండి. అది దాచాల్సిన కాగితం కాదు, వెబ్‌సైట్‌లో పెట్టాలని రూల్ ఉంది. ట్రైనింగ్ కానివాళ్లు ఎంతమంది అన్న గడిలో సున్నా ఉంటే, శుభ్రం చేసేవాళ్లని ఒక్కొక్కరిని పిలిచి టీకా ఎప్పుడు వేశారమ్మా అని అడగండి. మీరు అడిగితే ఒక విలువ ఉంటుంది, మేం అడిగితే బదిలీ.

చివరగా అవతలి వైపు చదువరులకి ఒక మాట. పాతపట్నం, టెక్కలి, పాలకొండ, పార్వతీపురం వైపు ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసే నర్సులు ఎవరైనా శుభ్రం చేసేవాళ్ల కోసం బొమ్మలతో, తెలుగులో చార్టులు తయారు చేసుకుని ఉంటే, వాటి ఫొటోలు ఈ పత్రిక ఆఫీసుకి పంపండి. సంపాదకులు దయచేసి వాటిని జిల్లా పేజీలో ఒకరోజు వేయండి. మేం కత్తిరించి లామినేషన్ చేయించుకుంటాం, సవర మాటలు కింద మా ఏఎన్‌ఎం అమ్మాయి చేత రాయించుకుంటాం. ఆ ఖర్చు మాదే.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
గజపతి జిల్లా, ఒడిశా